పితూరీ అంటే తిరుగుబాటా, చాడీనా?

తాగేవాడు తాగుబోతు. తినేవాడు తిండిపోతు. ఊరికే తిరిగేవాడు తిరుగుబోతు, వాగేవాడు వాగుడుకాయ, చేతిలోంచి పైసా జారనివ్వనివాడు పిసినిగొట్టు. మరి పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా దేనిమీదో ఒకదానిమీద కంప్లైంట్ చెబుతూనే ఉండేవాణ్ణి ఏమనాలి? ఇన్ని రకాల మనుషులకి ఇంత ముచ్చటగా పేర్లు పెట్టిన భాష, ప్రతి ఇంట్లోనూ ప్రతి ఆఫీసులోనూ కనీసం ఒకడైనా ఉండే ఈ మనిషి దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. మాటలు లేక కాదండోయ్, ఎక్కువైపోయి. సణుగుడు, గొణుగుడు, నస, సొద, గోడు, మొర, నిష్ఠూరం, చాడీ, పితూరీ, ఏడుపు... ఎన్ని కావాలంటే అన్ని. కానీ ఒకసారి చూడండి, ఇవన్నీ చేసే పనికి పేర్లే తప్ప చేసేవాడికి పేర్లు కావు. మనిషికి అతికించాలంటే దేనికో ఒకదానికి తోక తగిలించాల్సిందే.

అలా తోక తగిలించగా వచ్చినవాటిలో బాగా నిలబడ్డది ఏడుపుగొట్టు. ఈ మాట నాకు చాలా ఇష్టం. ఆ చివర ఉన్న గొట్టు వేరే ఏదో కాదు, మన కొట్టే. పక్కమాటతో కలిసేటప్పుడు క కాస్తా గ అయింది. కరువుగొట్టు, దరిద్రగొట్టు కూడా ఇదే వరస. కరువు కొట్టినవాడు కరువుగొట్టు, దరిద్రం కొట్టినవాడు దరిద్రగొట్టు అనుకుంటే, ఏడుపు కొట్టినవాడు ఏడుపుగొట్టు అవ్వాలి, అంటే పాపం వాడే బాధితుడన్నమాట. కానీ తెలుగులో కొట్టడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది కదా: వాసన కొడుతుంది, ఎండ కొడుతుంది, క్లాసు బోరు కొడుతుంది. ఇక్కడ దెబ్బ తినేది మనం. కాబట్టి ఏడుపు వాణ్ణి కొట్టిందా, వాడు మనల్ని ఏడుపుతో కొడుతున్నాడా అన్నది ఎటూ తేలదు. అలాంటివాడితో ఒక పూట గడిపినవాళ్ళని అడిగితే మాత్రం రెండోదే అంటారు.

అసలు ఏడుపు మీదే మనవాళ్ళకి జాలి తక్కువ. తమిళ, కన్నడాల్లో ఉన్న అళు మన ఏడుపుకి దగ్గర చుట్టమే, కన్నీళ్ళు పెట్టుకోవడమే అసలు అర్థం. కానీ మనం రోజూ వాడే ఏడుపులో కన్నీళ్ళు ఎన్ని? "ఇంతసేపూ ఎక్కడ ఏడ్చావ్" అంటే ఎక్కడున్నావని. "ఆ తాళాలు అక్కడే ఎక్కడో ఏడిశాయి చూడు" అంటే అక్కడే ఉన్నాయని, తాళాలు ఏడవ్వు కదా. "ఏడ్చినట్టే ఉంది" అంటే బాగాలేదని. "పక్కవాడి మీద పడి ఏడుస్తాడు" అంటే ఓర్వలేడని. లారీల వెనకాల, ఆటోల వెనకాల "నన్ను చూసి ఏడవకురా" అని రాసి ఉండేది చూసే ఉంటారు, అక్కడ ఏడుపంటే అచ్చంగా అసూయే. ఇన్ని చోట్ల ఏడుపుని ఈసడింపుకి వాడేసిన భాషలో, తన కష్టం చెప్పుకోవడానికి నోరు తెరిచినవాడికి "మొదలెట్టాడ్రా ఏడుపు" అనే స్వాగతం దొరకడంలో వింతేం లేదు.

సణుగుడుకి, గొణుగుడుకి మనం పెద్దగా తేడా చూడం గానీ, ఉంది. గొణుగుడు పక్కవాడికి వినపడీ వినపడనట్టు ఉంటుంది, "ఏంటి గొణుగుతున్నావ్, గట్టిగా చెప్పు" అంటే ఆగిపోతుంది. సణుగుడు ఆగదు. మీరు గది మారినా వెనకాలే వస్తుంది, అదే రాగం, అదే మాట. నసుగుడు ఇంకోటి, అది చెప్పాలనీ ఉంది, చెప్పే ధైర్యమూ లేదు అన్న స్థితి. ఒక తమాషా గమనించండి. సణుగు, గొణుగు, నసుగు, మూలుగు, నస. అన్నింట్లో ఒక ణ గానీ న గానీ మ గానీ ఉంది, అంటే ముక్కుతో పలికే అక్షరం. ఈ పని చెయ్యడానికి నోరు పూర్తిగా తెరవక్కర్లేదని ఈ మాటలు పుట్టించినవాళ్ళకి బాగా తెలుసు. అదే అరుపు, కేక తీసుకోండి, ముక్కుతో పనే లేదు.

సొద అన్న మాటకి ఒక పాత జీవితం ఉంది. "నా సొద ఎవరికి పట్టింది" అంటాం ఇప్పుడు. పాత కావ్యాల్లో సొద అంటే చితి. సొద చొచ్చడం అంటే చితిలో దూకడం. చితి అన్న మాటా, చెప్పుకున్నా ఎవరికీ పట్టని బాధ అన్న మాటా ఒకే రూపంలో ఉండటం నాకైతే భలే కుదిరిందనిపిస్తుంది. దీన్ని సోదితో కలిపెయ్యకండి. సోది చెప్పేది ఎరుకలసాని. రాబోయేది చెప్పే ఆ సోది ఇప్పుడు ఎవడైనా సాగదీసి మాట్లాడితే "సోది ఆపు" దాకా దిగిపోయింది.

మా పాత ఆఫీసులో ఒకాయన ఉండేవారు. ఆయన గొప్పతనం ఏంటంటే ఏ మంచి వార్తలోనైనా లోపలున్న పుచ్చు పట్టేస్తారు. లిఫ్ట్ చాలా రోజులు పాడై ఉండి బాగుపడిన రోజున, నేను సరదాగా "ఏంటి సార్, ఇవాళ లిఫ్ట్ బాగానే పనిచేస్తోందిగా" అన్నాను. "ఆ, చేస్తోంది. చేస్తే ఏం లాభం? తిన్నగా తీసుకెళ్ళి పని దగ్గరే కదా దింపేది" అన్నారు. ప్రమోషన్ వచ్చినప్పుడు అభినందిస్తే "ఏం ప్రమోషనయ్యా, టాక్స్ పెరిగింది" అన్నారు. ఆయన కుర్చీ వెనకాల ఒక స్విచ్ బోర్డు ఉండేది, దాంట్లోంచి కాలిన వాసన వస్తోందని ఆయన రోజూ అంటుండేవారు, మేం రోజూ తలూపుతుండేవాళ్ళం. ఒకరోజు సాయంత్రం దాంట్లోంచి నిప్పురవ్వలు వచ్చి పక్కనున్న కర్టెన్ అంటుకుంది. పెద్దగా ఏం కాలేదు, ఆర్పేశారు. కానీ మర్నాటి మీటింగులో మేనేజర్ గారు ఏమన్నారో తెలుసా? "ఆయన ముందునుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు" అన్నారు. అన్నాళ్ళూ సణుగుడుగా ఉన్నది ఒక్క రాత్రిలో హెచ్చరిక అయిపోయింది. ఆయన ఒక్క మాట కూడా మార్చలేదు. (ఆయన మాత్రం కొత్త స్విచ్ బోర్డు రంగు బాలేదన్నారు, అది వేరే సంగతి.)

నేను చెప్పాలనుకున్నది అదే. మనకున్న ఈ మాటల్లో చాలావరకు చెప్పేవాడు ఏం చేస్తున్నాడో చెప్పవు, వినేవాడికి ఎంత ఓపికుందో చెబుతాయి. గజేంద్రుడు పెట్టుకున్నది మొర, ఎందుకంటే వినేవాడు దేవుడు. నిలవ నీడ లేనివాడు చెప్పుకుంటే అది గోడు, దాన్ని వెళ్ళబోసుకుంటారు, వినేవాళ్ళు అయ్యో అంటారు. కాగితం మీద రాసి ముద్ర వేయిస్తే అర్జీ. దగ్గరివాళ్ళు అంటే నిష్ఠూరం. సంస్కృతంలో నిష్ఠుర అంటే కరుకైన, దయలేని అని. మనం దాన్ని తెచ్చుకుని చుట్టాల మధ్య నొచ్చుకోవడానికి వాడుకున్నాం. "శుభలేఖ పోస్టులో పంపించాడు, మనిషి రాలేదు" అనే మేనమామ గారు ఆడేది నిష్ఠూరమే, ఆయన పెళ్ళికి తప్పకుండా వస్తారు, వచ్చి ముందు వరసలో కూర్చుని ఇంకోసారి అంటారు. "అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు" అని సామెత కూడా ఉంది, అంటే చివర్లో గొడవపడేకంటే మొదట్లోనే ముఖం మీద చెప్పెయ్యడం నయమని. "అడగందే అమ్మైనా పెట్టదు" అని ఇంకో సామెత. ఒకవైపు నోరు తెరిచి చెప్పమని సామెతలు, తెరిస్తే ఏడుపుగొట్టు అని బిరుదు!

ఇంకో వరస మాటలున్నాయి, తిండికి సంబంధించినవి. ఎవడైనా అదేపనిగా నస పెడుతుంటే "బుర్ర తినకురా" అంటాం కదా. చాడీలు చెప్పేవాణ్ణి చాడీకోరు అంటారు, దగాకోరులోనూ ఉన్న ఆ కోరు ఫారసీ ఖోర్ నుంచి వచ్చింది, తినేవాడు అని. మనకి కోరు అనే సొంత క్రియ ఉండటంతో చాడీలు కోరుకునేవాడు కాబోలు అనిపిస్తుంది గానీ కాదు, ఆయన చాడీలు తిని బతికేవాడు. హిందీ, ఉర్దూల్లో ఇలాంటివాణ్ణి చుగల్‌ఖోర్ అంటారు, అదే ఖోర్. ఇటు సంస్కృతం వైపు చూస్తే నారదుడికి కలహభోజనుడని పేరు, ఆయనకి కలహమే భోజనం. ఫారసీవాళ్ళకీ, సంస్కృతం వాళ్ళకీ, బుర్ర తినొద్దని మొత్తుకునే మనకీ ముగ్గురికీ ఇది ఆకలి లాగే కనపడిందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. నిజంగానే అలాంటివాళ్ళ సమస్య తీర్చేసి చూడండి, మొహంలో సంతోషం కాదు, పస్తులున్న కళ కనిపిస్తుంది.

ఇక పితూరీ. వీటన్నిటిలోకీ విచిత్రమైన ప్రయాణం దీనిదే.

"అమ్మా, అన్నయ్య నా పెన్సిల్ విరగ్గొట్టాడు" అని చిన్నాడు పరిగెత్తుకొచ్చి చెబితే అది పితూరీ. "వాడు నా మీద మేనేజర్‌కి పితూరీలు మోస్తున్నాడు" అంటే అదీ పితూరీయే. ఇప్పుడు చరిత్ర పుస్తకం తియ్యండి. 1879లో గోదావరి ఏజెన్సీలో జరిగింది రంప పితూరీ. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపింది మన్యం పితూరీ. అక్కడ పోలీస్ స్టేషన్ల మీద దాడులు, తుపాకులు, సైన్యం. ఇక్కడ విరిగిన పెన్సిల్. ఒకే మాట.

మాట మూలం అరబ్బీలో ఉంది. అక్కడ ఫుతూర్ అంటే సడలిపోవడం, నీరసపడటం, వేడి తగ్గి గోరువెచ్చనవ్వడం. ఫారసీ, ఉర్దూల మీదుగా నడిచేసరికి ఫితూర్ అంటే లోపం, గడబిడ, అల్లరి అయింది. ఇవాళ్టి హిందీలో ఎవడి బుర్రలోనైనా ఏదో పిచ్చి పట్టుకుంటే దాన్నీ ఫితూర్ అంటారు. ఆ ఫితూర్ పెట్టేవాడు, అంటే గొడవలు రాజేసేవాడు, ఫితూరీ. చూశారా, మనకి దొరకని మాట వాళ్ళ దగ్గరుంది. ఫితూరీ అంటే మనిషే! మన దగ్గరకొచ్చేసరికి ఫ పోయి ప అయింది, మనిషి పోయి పని మిగిలింది. మనిషి కోసం మళ్ళీ దారు అని ఇంకో ఫారసీ తోక తగిలించి పితూరీదారు అన్నారు, అదీ తిరగబడ్డవాళ్ళకే, చాడీలు చెప్పేవాళ్ళకి కాదు.

ఈ మాట కొండమీద పుట్టిన పేరు కాదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. ఇది కచేరీ మాట, అంటే సర్కారు ఆఫీసుల మాట. రెవెన్యూ, కోర్టు, పోలీసు వ్యవహారాలన్నీ ఫారసీ మాటలతో నడిచిన రోజుల నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు కూడా తమ రికార్డుల్లో ఫితూరీ అనే రాసుకున్నారు. కింద ఉన్నవాళ్ళు చేసిన పనికి పైన ఉన్నవాళ్ళు పెట్టిన పేరు అది.

మరి ఆ కిందవాళ్ళకి ఏం వచ్చింది కష్టం? 1879 సంగతి చూస్తే, రంప ప్రాంతం మీద పెత్తనం చేసే మన్సబుదారు, తన కింద కొన్ని కొన్ని ఊళ్ళకి పెద్దలుగా ఉండే ముఠాదార్లనీ జనాన్నీ పిండటం ఒకటి. ఇంట్లో తాగడానికి సొంతంగా కల్లు గీసుకోవడం మీద ఆంక్షలు, చిగురుపన్ను అనే కల్లు పన్ను పేరుతో వసూళ్ళు ఇంకొకటి. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పులిచ్చి, కొండవాళ్ళకి అర్థంకాని కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని, పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు. పోలీసులు వాళ్ళ వంతు వాళ్ళు. ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోవాల్సిన చోట కూర్చున్నది కూడా ఆ వసూళ్ళ బాపతే. 1922 నాటికి పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు, రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి చాకిరీ, గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు దాష్టీకం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు.

ఇందులో ఏదీ విరిగిన పెన్సిల్ కాదు. కానీ కచేరీ బల్ల వెనక కూర్చున్నవాడికి రెండూ ఒకేలా వినపడి ఉంటాయని నా అనుమానం. చిచ్చు పెట్టడం, ప్రశాంతంగా ఉన్నచోట గడబిడ చెయ్యడం, పైవాళ్ళని ఇబ్బంది పెట్టడం. ఫితూర్‌లో ఉన్న పాత అర్థం అదే కదా. దాన్ని ఊరంతటికీ వేస్తే తిరుగుబాటయింది, ఇంట్లోకి తెస్తే చాడీ అయింది. అందుకే నాకు రంప పితూరీ అనే కంటే రంప తిరుగుబాటు అనడమే సబబనిపిస్తుంది, అలా రాసేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అలాగని పితూరీని చరిత్రలోంచి తీసెయ్యమని కాదు. పెద్దవాళ్ళ నోట్లో అది ఇప్పటికీ ఒకరకమైన గౌరవంతోనే పలుకుతుంది, "పితూరీ కాలంలో" అంటే ఆ గొంతులో చాడీ ఛాయ ఉండదు. ఈసడింపుగా పెట్టిన పేరుని జనం తీసుకుని బరువు మార్చేశారు. మాటలకి అప్పుడప్పుడూ ఇలాంటి అదృష్టం పడుతుంది. ఏడుపుకి పట్టలేదు.

పేరు బయటపెట్టకుండా పితూరీ మోసేవాడికి మాత్రం మనవాళ్ళు ఏకంగా ఒక మనిషినే సృష్టించారు, ఆకాశరామన్న. ఊళ్ళో ఎవడి మీద కంప్లైంట్ వెళ్ళినా కింద సంతకం ఆయనదే. ఎన్ని తరాలుగా రాస్తున్నాడో, ఎవరికీ కనపడడు, రిటైరవడు. ఇక పేరుతో సహా రాసి, కోర్టు మెట్లెక్కి, ఒక దావా అయ్యేలోపు ఇంకోటి వేసేవాడు కోర్టుపక్షి. ఇంతకీ అలవాటుగా ఫిర్యాదు చేసేవాడికి అచ్చమైన పేరు లేదన్నాను గానీ, ఈ కోర్టుపక్షి చాలా దగ్గరగా వచ్చింది, కాకపోతే దానికి లాయర్ ఫీజు కావాలి.

కోర్టు అన్నాను కాబట్టి ఇంకొకటి. ఫిర్యాదు కూడా ఫారసీయే, అక్కడ ఫర్యాద్ అంటే ఆర్తనాదం, కాపాడమని పెట్టే కేక. మనం దాన్ని నంబరున్న కాగితం చేశాం. ఫిర్యాదు చేసినవాడు ఫిర్యాది, బాగానే ఉంది. ఎటొచ్చీ అవతలివాడి దగ్గరే వచ్చింది చిక్కు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఎవరిమీద వేశాడో అతను ముద్దాలేహ్. ఆ రెండోదానికి తోక తెగిందో, రెండూ కలిసిపోయాయో గానీ, మన దగ్గర ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. కాబట్టి ఉర్దూ బాగా వచ్చి తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న వకీలుకి ఎవరికైనా "ముద్దాయికి ఏడేళ్ళ జైలు" అన్న వార్త చదివి వినిపించి చూడండి. కంప్లైంట్ ఇచ్చినందుకే ఏడేళ్ళా అని హడలిపోతాడు.